పసుపు ఆకుల పిల్ల

మూడో తరగతి గది, బడి
సెప్టెంబరు 6

పిన్నికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. తిట్టుకో, కానీ ఇది చదివాక కాస్త తగ్గించు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వే మాట్లాడతావు, నా వంతు ఎప్పటికీ రాదు. ఉత్తరమే నయం. పిల్లలు భోజనాలకి వెళ్ళారు. గదిలో ఇప్పుడు నేనూ, గోడ మీద ఒక చెట్టూ ఉన్నాం.

చెట్టంటే కాగితం చెట్టు. అట్టపెట్టెలు కోసి మానూ కొమ్మలూ చేసి బోర్డు పక్కన అంటించాను. ఈ ఏడు ప్రతి తరగతిలోనూ దయ, దాతృత్వం, కృతజ్ఞత నేర్పాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మిగతా టీచర్లు ఆ మూడు మాటలూ బోర్డు మీద రాసి, పిల్లల చేత పదేసి సార్లు చదివించి చేతులు దులుపుకున్నారు. నాకు అలా వదిలెయ్యబుద్ధి కాలేదు. మా గదిలో ఎవరైనా ఇంకొకరికి సాయం చేస్తే, ఏం చేశారో ఆకుపచ్చ కాగితం ఆకు మీద రాయాలి. సాయం పొందినవాళ్ళు పసుపు ఆకు మీద థాంక్స్ రాయాలి. పసుపు ఆకు జత లేనిదే ఆకుపచ్చ ఆకు చెట్టెక్కదు. ఈ రూలు పూర్తిగా నా బుర్రలో పుట్టిందే, నన్ను నేనే మెచ్చుకున్నాను. శుక్రవారం ఆఖరి పీరియడ్లో అన్నీ పైకి చదువుతాం.

నాలుగు వారాల్లో చెట్టు గుబురుగా తయారైంది. 'కొంచెం జరుగు' అంటే జుట్లు పట్టుకునే ముప్పై ఒక్క మంది ఇప్పుడు రబ్బరు ఇవ్వడానికి పోటీలు పడుతున్నారు. మరీ ముఖ్యంగా కొత్తపిల్లకి. జూలైలో వచ్చి చేరింది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెడుతుంది. ఈ పిల్ల బ్యాగుకి జిప్పు పోయి పిన్నీసులు పెట్టి ఉంటాయి. నోట్లోంచి మాట రావడమే కష్టం. మావాళ్ళకి దయ చూపించడానికి మనిషి దొరికింది. పెన్సిలు ఒకరిస్తారు, స్కేలు ఒకరిస్తారు, జడ క్లిప్పు ఇంకొకరు.

మొన్న ఏం జరిగిందో విను, నవ్వుతావు. బఠాణీ అని ఒకడున్నాడు, గింజంత మనిషి. వాడు కొత్తపిల్ల పెన్సిలు దాచేశాడు. ఎందుకయ్యా అంటే, ఆ పిల్లకి పెన్సిలు లేకపోతేనే కదా తను ఇవ్వగలిగేది. మర్నాడు ఆ పెన్సిలే శుభ్రంగా చెక్కి ఆ పిల్లకే ఇచ్చి ఆకు రాసుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే కదూ. గదిలో పిల్లల ముందే నాకు నవ్వు ఆగలేదు, స్టాఫ్ రూములో చెప్తే అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

అక్టోబరులో ఆఫీసరు తనిఖీకి వస్తున్నారు. హెడ్డమ్మ ఆయన్ని ముందు నా గదికే తీసుకొస్తానంది. బాబాయికి నమస్కారాలు చెప్పు.

నీ
పిట్ట


ఇల్లు, కుట్టుమిషను పక్కన
సెప్టెంబరు 14

చిరంజీవి పిట్టకి, పిన్ని ఆశీస్సులు.

నేను తిట్టుకోలేదు. నా వంతు కూడా మీ బాబాయే తిట్టుకున్నారు. పెన్సిలు సంగతి చదివాక మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. 'ఆ బఠాణీగాడు పెద్దయ్యాక ఎన్నికల్లో నిలబడతాడు' అన్నారు.

నువ్వు చేస్తున్నది చాలా మంచి పని. మొక్కై వంగనిది మానై వంగుతుందా. అయితే ఒక్కటి చెప్తాను, అనుభవం మీద చెప్తున్నాను. ఇవ్వడం ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇచ్చేటప్పుడు ఎవరికైనా బాగానే ఉంటుంది. నేర్పాల్సింది పుచ్చుకునేవాళ్ళకి. నీకు నేను నేర్పింది అదే, గుర్తుందిగా, చెయ్యి చాస్తే నోరూ తెరవాలి. మీ అమ్మ మంచాన పడి నిన్ను మా ఇంటికి పంపేటప్పటికి నీకు ఎనిమిదేళ్ళు. నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉండేదానివి. పసిదిలే, పోనీలే అని ఊరుకుని ఉంటే నువ్విలా తయారయ్యేదానివా. ఏడాది తిరక్కుండా, ఇంటికి ఎవరొచ్చినా ముందుకొచ్చి చేతులు కట్టుకుని 'నన్ను పిన్నీ బాబాయీ చదివిస్తున్నారండీ' అని చెప్పేదానివి. మన కుట్టు షాపుకి కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా 'ఎంత బాగా పెంచారండీ' అని నన్నే మెచ్చుకునేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

కాబట్టి ఆ కొత్తపిల్ల నోరు నువ్వే తెరిపించాలి. దాని మేలుకే. తనిఖీ ఎలా అయిందో వెంటనే రాయి, పది రోజులు ఆగకు.

పిన్ని


స్టాఫ్ రూము, బడి
అక్టోబరు 11

పిన్నికి,

తనిఖీ అయిపోయింది. పావుగంట ఉంటారనుకున్న ఆఫీసరు నా గదిలో ముప్పావుగంట ఉన్నారు. చెట్టు మీద ఆకులన్నీ చదివారు. లాయరు అని ఒకమ్మాయి ఉంది, ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పేరు పెట్టాం. అది రూళ్ళన్నీ ఆయనకి పొల్లు పోకుండా వివరించింది. ఆ తర్వాత కొత్తపిల్ల లేచి తన పసుపు ఆకులు పద్నాలుగూ వరసగా చదివింది. 'స్కేలు ఇచ్చినందుకు థాంక్స్. రబ్బరు ఇచ్చినందుకు థాంక్స్. సగం రొట్టె ఇచ్చినందుకు థాంక్స్.' ఆఫీసరుగారి కళ్ళు చెమర్చాయి. "ఈ పాపని చూసి పెద్దవాళ్ళం నేర్చుకోవాలి" అన్నారు. నవంబరు ఆఖర్లో అన్ని బళ్ళ టీచర్లకీ మీటింగు ఉందట. అక్కడికి చెట్టు పట్టుకొచ్చి మాట్లాడమన్నారు. హెడ్డమ్మ నాకు టీ తెప్పించింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇదే మొదటి టీ.

సంతోషంగానే ఉంది. కాకపోతే కొత్తపిల్ల ఆ మర్నాటి నుంచి బడికి రావడం లేదు. ఇవాళ్టికి నాలుగో రోజు. జ్వరాలు తిరుగుతున్నాయి, అదే అయ్యుంటుంది. నిన్న ఎవరో ఆ పిల్ల ఖాళీ బల్ల మీద ఒక పెన్సిలు పెట్టి, ఆకు రాసి నా దగ్గరికి తెచ్చారు. మనిషి లేకుండా పసుపు ఆకు ఎలా వస్తుందని వెనక్కి పంపేశాను.

పిట్ట


ఇల్లు
అక్టోబరు 19

చిరంజీవి పిట్టకి,

నీ ఉత్తరం పట్టుకుని మీ బాబాయి వీధి చివర దాకా వెళ్ళి నలుగురికీ చదివి వినిపించి వచ్చారు. మీ అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో.

పిల్ల రాకపోతే దిగులు పడకు. జ్వరం కాకపోతే బెట్టు. పిల్లల్లో కొందరికి అది ఉంటుంది, నీకూ ఉండేది. మా అమ్మాయి, మీ అక్క విడిచిన పాత గౌను వేసుకోనని స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చున్నావు, గుర్తుందా. అక్కకి థాంక్స్ చెప్పేదాకా అన్నం లేదన్నాను. గంటలో దారికొచ్చావు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ బెట్టు అలా అరగదీశాను కాబట్టే ఈ రోజు ఆఫీసర్లు నిన్ను మెచ్చుకుంటున్నారు.

పిన్ని


మా ఇల్లు
అక్టోబరు 30

పిన్నీ,

జ్వరం కాదు.

సోమవారం పొద్దున కొత్తపిల్ల వాళ్ళమ్మ వచ్చింది. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, వేళ్ళ చివర్లు ఇస్త్రీ వేడికి కమిలి ఉన్నాయి. ఒక గుడ్డసంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. పెన్సిళ్ళు, రబ్బర్లు, రెండు స్కేళ్ళు, జడ క్లిప్పులు, ఒక స్వెట్టరు.

"ఇవన్నీ మీ పిల్లలవి టీచర్. ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యండి" అంది.

"పిల్లలు ప్రేమగా ఇచ్చినవమ్మా, ఉంచుకోండి" అన్నాను.

"మా పిల్లకి పెన్సిళ్ళు లేవని మీకెవరు చెప్పారు? వారం వారం కొంటున్నా. పొద్దున పెట్టి పంపిస్తే సాయంత్రానికి ఉండట్లేదు. పారేసుకుంటోందని రెండుసార్లు కొట్టాను. ఇప్పుడు చెప్పింది, పిల్లలే దాచేస్తారని, దాచి మళ్ళీ వాళ్ళే ఇస్తారని. మీకు తెలుసని కూడా చెప్పింది."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగానే నాకు తెలుసు. నీకూ తెలుసు, నేనే రాశాను. బఠాణీ చేసిన దానికి టీచరు నవ్విందని గదిలో అందరూ చూశారు. నవ్విందంటే చెయ్యొచ్చన్నమాటే. తర్వాత ఎంతమంది దాచారో నేను లెక్క చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు. చెట్టు నిండుతోంది కదా.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఇక్కడికి రానంటోంది. దూరమైనా సరే, వేరే బడి చూస్తున్నా" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ దూరం బడికి రెండు బస్సులు మారాలి. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు.

నీకు రాయని సంగతులు ఉన్నాయి. తనిఖీకి వారం ముందు చూస్తే, జత లేని ఆకుపచ్చ ఆకులు పద్నాలుగు మిగిలాయి. అన్నీ కొత్తపిల్లకి ఇచ్చినవే. అందుకని ఆ వారమంతా ఆటల పీరియడ్లో ఆ పిల్లని గదిలో కూర్చోబెట్టి పసుపు కాగితాలు ముందు పెట్టాను. కిటికీ అవతల మిగతావాళ్ళు బంతి ఆడుకుంటుంటే ఇది వంచిన తల ఎత్తకుండా రాసింది. తొమ్మిదో ఆకు రాశాక పెన్సిలు కింద పెట్టి, "నాకు ఇవన్నీ అక్కర్లేదు టీచర్" అంది. మూడు నెలల్లో తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది. నేనేమన్నానో తెలుసా. బోర్డు తుడుస్తున్న ఇద్దరు పిల్లలు వింటుండగా అన్నాను, చెయ్యి చాస్తే నోరూ తెరవాలి అని. ఆ పిల్ల పెన్సిలు తీసుకుని మిగతా అయిదూ రాసేసింది.

ఆ పిల్ల చెయ్యి చాచలేదు పిన్నీ. ఒక్కసారి కూడా ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఆ మాట నా నోట్లోంచి నీ గొంతుతో వచ్చింది. నేను మాత్రం ఎప్పుడు చెయ్యి చాచాను? మీ ఇంటికి పంపేటప్పుడు నన్నెవరైనా అడిగారా? గౌను సంగతి నవ్వొచ్చేలా రాశావు. నేను గంటలో బయటికి రాలేదు. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పాలూ రెండూ పోయాక వచ్చాను. నీకు గంటే గుర్తుంది.

ఇది నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు. చేసింది నేను. పిన్ని నేర్పిందని చెప్పి తప్పుకుంటే అది ఇంకో తప్పవుతుంది. ఊరికే అడుగుతున్నాను. అప్పట్లో నీకెప్పుడైనా ఏమైనా అనిపించిందా?

పిట్ట


ఇల్లు
నవంబరు 9

పిట్టకి,

ఉత్తరం అందింది. మీ బాబాయికి చూపించలేదు. ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్నందుకు బాగానే బుద్ధి చెప్పావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది. మీ అక్క గౌన్లు కుట్లు విప్పి, నడుం దగ్గర లోపలికి పట్టి, అంచు మడిచి నీ కొలతకి తెచ్చేసరికి నాకు ఎంతెంత సేపు పట్టేదో నీకేం తెలుసు. షాపులో గిరాకీ ఆపుకుని చేసేదాన్ని. పరాయి పిల్లకి అంత ఎవరు చేస్తారు? థాంక్స్ అనే ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా? నలభై రెండేళ్ళొచ్చి గౌన్లు తవ్వుతున్నావు. నీ బళ్ళో ఎవరో అలిగితే దానికి ముద్దాయిని నేనా?

నవంబరు 12

పైది రాసి, పోస్టు చెయ్యకుండా మిషను సొరుగులో పడేశాను. ఇవాళ చింపేద్దామని తీశాను. చదివితే అందులో 'పరాయి పిల్ల' అని ఉంది. నేనే రాశాను, నా చేత్తో. చింపడం లేదు. నువ్వు చూడాలని అలాగే పంపుతున్నాను.

అనిపించిందా అని అడిగావు. ఒకసారి అనిపించింది. అప్పుడు నీకు పదేళ్ళు. లెక్కల నోటుబుక్కు అయిపోయింది, నన్ను కొత్తది అడగాలి. నేను ఇస్త్రీ బట్టలు పట్టుకుని గదిలోకి రాబోతుంటే నువ్వు బీరువా అద్దం ముందు నిలబడి ఉన్నావు. అద్దంలో నీకు నువ్వే చెప్పుకుంటున్నావు, 'పిన్నీ, ఒక నోటుబుక్కు కొంటావా? థాంక్స్ పిన్నీ.' ముందు నవ్వుతూ చెప్పావు. బాలేదనుకున్నావేమో, నవ్వకుండా చెప్పావు. తర్వాత తల కొంచెం వంచి చెప్పావు. నాలుగోసారి చేతులు కట్టుకున్నావు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. గుండెలో కలుక్కుమంది. రెండడుగులు వేసి నిన్ను దగ్గరికి తీసుకుంటే సరిపోయేది, వెయ్యలేదు. పది నిమిషాలాగి నువ్వొచ్చి చేతులు కట్టుకుని అడిగావు. కొనిపెట్టాను. సాయంత్రం మీ బాబాయితో 'చూశారా, ఎంత వినయం నేర్పానో' అని నవ్వాను. ఆయనా నవ్వారు. ముప్పై రెండేళ్ళుగా ఇది ఎవరికీ ఇంకోలా చెప్పలేదు.

ఇంకో సంగతి ఉంది, ఎవరూ ఆకుల మీద రాయనిది. మా మామగారికి చూపు తగ్గాక రోజూ పొద్దున్నే పేపరు చదివి వినిపించింది నువ్వు. షాపులో గుండీలూ హుక్కులూ సగం కుట్టింది నువ్వు. నీకన్నా మూడేళ్ళు పెద్దదైన మీ అక్కకి పరీక్షల ముందు లెక్కలు చెప్పింది కూడా నువ్వే. నేను ఒక్కసారీ థాంక్స్ అనలేదు. అనాలని తట్టను కూడా తట్టలేదు. ఇచ్చే చెయ్యి నాది అనుకున్నాను, పుచ్చుకుంటున్నానని తెలియలేదు.

ఆ పిల్ల ఇంటికి వెళ్ళు. చేత్తో ఏమీ పట్టుకెళ్ళకు, పండు కూడా వద్దు. క్షమించమని మాత్రం అడగకు. పెద్దవాళ్ళు అడిగితే పిల్లలు సరే అనాల్సి వస్తుంది, అది కూడా వాళ్ళ చేత రాయించుకున్నట్టే. నువ్వు చేసింది నువ్వు చెప్పు. తర్వాత ఆ పిల్ల ఏమంటే అది విను.

డిసెంబరు సెలవులకి ఎప్పటిలాగే వస్తావు కదా?

పిన్ని


మూడో తరగతి గది, బడి
నవంబరు 29

పిన్నికి,

వెళ్ళాను. ఖాళీ చేతులతోనే వెళ్ళాను. మెట్ల కింద ఒక పళ్ళ బండి కనిపిస్తే కాళ్ళు అటే లాగాయి, నీ మాట గుర్తొచ్చి ఆగాను.

సైకిళ్ళ రిపేరు షాపు పైన ఒక్క గది. వాళ్ళమ్మ కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆసుపత్రి మడతే, అంచులు ఎక్కడా వెంట్రుకంత తేడా లేవు. కొత్తపిల్ల నేల మీద కూర్చుని రాసుకుంటోంది. పెన్సిలుకి దారం కట్టి ఉంది, ఆ దారం రెండో కొస బ్యాగు పిన్నీసుకి కట్టి ఉంది. మళ్ళీ పోకుండా వాళ్ళమ్మ కట్టిందట. అది చూశాక నాకు కూర్చోవడానికి మొహం చెల్లలేదు. నిలబడే చెప్పాను. బఠాణీ దాచాడని తెలిసి నవ్వానని, చెట్టు నిండాలని నిన్ను ఆటలకి పంపలేదని, నువ్వు అడగకపోయినా చెయ్యి చాచావన్నానని చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు, రాయడం మాత్రం ఆపింది.

"మా అమ్మ కొట్టింది" అంది చివరికి.

"తెలుసు. నా వల్లే."

"అది అందరికీ చెప్తారా?"

"ఏది?"

"నేను పారేసుకోలేదని. అడుక్కోలేదని."

"చెప్తాను."

వాళ్ళమ్మ దుప్పటి మీంచి చెయ్యి తియ్యకుండా, "చెప్పండి, చూద్దాం" అంది. అక్కడ అంతకు మించి ఏమీ జరగలేదు.

మర్నాడు గదిలో చెప్పాను. ఏడుపొస్తుందని భయపడ్డాను కానీ రాలేదు, బఠాణీకి వచ్చింది. వాడిని దగ్గరికి పిలిచి, తప్పు రూలుది, రూలు పెట్టింది నేను అన్నాను. లాయరు ఊరుకుంటుందా, లేచి నిలబడింది. "అయితే మా ఆకులన్నీ అబద్ధాలా టీచర్?" అంది. అన్నీ కాదు, కొన్ని నిజంగా ఇచ్చినవే అన్నాను. "ఏవి నిజమో ఎలా తెలుస్తుంది?" అంది. నాకు తెలియదని చెప్పాను. చెట్టు తీసేశాం. గోడ మీద జిగురు మరకలు మిగిలాయి.

చెట్టు లేకుండానే మీటింగుకి వెళ్ళాను. రెండు వందల మంది టీచర్ల ముందు, పద్నాలుగు పసుపు ఆకులు ఎలా రాయించానో చెప్పాను. ఆఫీసరుగారు బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన కళ్ళు చెమర్చేలా చేసిన ఆకులవి. హెడ్డమ్మ నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వచ్చే ఏడు మూడో తరగతి నాకు ఇవ్వరని స్టాఫ్ రూములో అనుకుంటున్నారు. ఇవ్వకపోవచ్చు.

గదిలో చెప్పానన్న సంగతి వాళ్ళమ్మ దాకా చేరినట్టుంది, నిన్న కొత్తపిల్ల వచ్చింది. ఎవరూ పలకరించలేదు, ఏమీ ఇవ్వలేదు. ఎలా ఉండాలో తెలియక అందరూ బిగుసుకుని కూర్చున్నారు. లెక్కల పీరియడ్లో పక్కనున్న కళ్ళజోడు పిల్ల, "నీ రబ్బరు ఒకసారి ఇవ్వవా?" అంది.

"ఇవ్వను" అంది కొత్తపిల్ల.

ముప్పై మందీ నా మొహం వైపు చూశారు. 'పంచుకోవాలి కదమ్మా' అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది, ఇరవై ఏళ్ళ అలవాటు. పళ్ళు బిగపట్టి బోర్డు వైపు తిరిగి తర్వాతి లెక్క వేశాను. వెనక లాయరు తన రబ్బరు అందించినట్టుంది, చెరిపిన చప్పుడు వినిపించింది. ఆకు కావాలని ఎవరూ అడగలేదు. నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో నీకు ఎలా రాయాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వూ నన్ను క్షమించమని అడగలేదు, చూశాను. అద్దం సంగతి నాకు గుర్తు లేదు. చాలాసార్లు చేసి ఉంటాను, అందుకే ఏ ఒక్కటీ గుర్తు లేదేమో. 'పరాయి పిల్ల' చింపకుండా పంపినందుకు కోపం రాలేదు. ఏడ్చాను.

డిసెంబరులో నేను రావడం లేదు పిన్నీ. పని ఉందని రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను. పనేమీ లేదు. రావాలని లేదు. కోపంతో కాదు, అసలు కోపమే లేదని కూడా అనలేను. ఇన్నేళ్ళుగా ప్రతి సెలవులకీ వచ్చి మీ అరలన్నీ సర్ది, దుప్పట్లన్నీ ఉతికి వెళ్తున్నాను. వెళ్ళాలని ఉందా అని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. ఈసారి అడిగాను.

పిట్ట


ఇల్లు
డిసెంబరు 8

పిట్టకి,

రావడం లేదని రాసింది అందింది. అబద్ధమెందుకు, నేనూ ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. ఏమేం రాయాలో అన్నీ కలం దాకా వచ్చాయి. రెండు రోజులు మిషను ముందు కూర్చుని ఎవరివో జాకెట్లు కుట్టాను, ఒక చెయ్యి తిరగేసి కుట్టి మళ్ళీ విప్పాను.

మీ అక్క ఫోన్ చేస్తే చెప్పాను. "రాకపోవడమేంటమ్మా, అన్నేళ్ళు పెంచితే" అంది. అచ్చం నా గొంతే. దానికీ నేనే నేర్పాను మరి. "పెంచితే?" అన్నాను. దానికి అర్థం కాలేదు. చెప్పడానికి నాకూ ఇంకా సరిగ్గా రావడం లేదు, నిదానంగా చెప్తాను.

నిన్న భోజనాల దగ్గర మీ బాబాయి అడిగారు.

"పిట్ట ఏ రోజు వస్తోంది?"

"రావట్లేదు."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"బళ్ళో పనుందేమో."

"పనేం లేదట. రావాలని లేదట."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఎప్పుడూ రానని అనలేదే" అన్నారు.

"నీకు రావాలని ఉందా అని మనమెప్పుడూ అడగలేదుగా" అన్నాను.

పిన్ని